రాతపని అంటే అంత లోకువా?

ఈ విద్యాసంవత్సరం మొదట్లో ఫైనలియర్ ప్రాజెక్టు కోసం నేనొక ప్రతిపాదన తయారుచేసుకుని కమిటీ ముందుకు వెళ్ళాను. నాలుగు పేజీల కాయితం. మొదటి పేజీ సగంలో ఉండగానే ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి, "ఇది రాతపని గదయ్యా! ప్రోగ్రాం ఏదీ?" అన్నారు. పక్కనున్న ఇంకొకాయన నవ్వుతూ, "ఇట్లాంటివి తెలుగు డిపార్టుమెంటు వాళ్ళకి ఇచ్చుకోవోయ్" అన్నారు. ఆయన హాస్యానికే అన్నారు, నాకు తెలుసు. అయినా ఆ మాటలో రెండు అన్యాయాలున్నాయి. ఒకటి తెలుగు డిపార్టుమెంటుకు, రెండవది నా కాయితానికి. మొదటిదానికి జవాబు చెప్పగల సమర్థులు ఆ డిపార్టుమెంటులోనే ఉన్నారు గనుక, రెండవదాన్ని గురించి మాత్రం ఈ సావనీరులో నాలుగు మాటలు వ్రాస్తున్నాను. కోపంతో వ్రాస్తున్నానని అనుకోవద్దు. కోపం తగ్గాలనే ఇన్ని నెలలు ఆగాను.

ఇంతకూ ఆ కాయితంలో ఏముంది? పైథాన్, పెర్ల్ వంటి స్క్రిప్టింగు భాషల లోపల సీ భాషలో వ్రాసిన ఫంక్షన్లు కుప్పలుతెప్పలుగా ఉంటాయి. వాటిలో బయటివాళ్ళు వాడుకోదగినవి ఏవి, ఎట్లా వాడాలి, వాడితే ఏం జరుగుతుంది అన్నది సరిగా వ్రాసిలేనిచోట, సోర్సు చదివి, పరీక్షించి చూసి, వ్రాసిపెట్టడం. ఇంతే నా ప్రాజెక్టు.

సావనీరు చదివేవాళ్ళలో బోటనీ మిత్రులూ, ఎకనామిక్స్ మిత్రులూ ఉంటారు గనుక కాస్త వివరంగా చెప్పాలి. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యవచ్చు. పైథాన్ అనే భాషను గీడో వాన్ రోసమ్ అనే ఆయన 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టి, 1991లో లోకానికి విడుదల చేశాడు. నేర్చుకోవడం తేలిక. ఇవాళ ఫిజిక్సు వాళ్ళ దగ్గర్నుంచి కామర్సు వాళ్ళ దాకా అందరి సిలబస్సులోనూ అది దూరింది. అయితే మనం వ్రాసే పైథాన్ వాక్యాలను చదివి నడిపించే ఆ యంత్రం మాత్రం సీ భాషలో వ్రాసివుంది. కాలేజీ డే నాటకంలో రంగస్థలం ఒకటి, తెర వెనక ఒకటి ఉన్నట్టే. ప్రేక్షకుడికి వెనక సంగతి అక్కర్లేదు. కాని వేగం కావాలనుకున్నవాడో, సీలో ఇదివరకే ఉన్న సరంజామాను పైథాన్‌కు తగిలించదలచినవాడో వెనక గుమ్మం గుండా వెళ్ళాలి. లెక్కల కోసం అందరూ వాడే నంపై అట్లా వెనక గుమ్మంలోంచి వచ్చినదే. ఆ గుమ్మం పేరే సీ ఇంటర్‌ఫేసు. అక్కడ మర్యాదలు వేరు. ఆ మర్యాదలు తెలియక నేను పడ్డ పాట్లే ఈ వ్యాసానికి మూలం.

మా రూమ్మేటు తెలుగు ఎం.ఏ. చదువుతున్నాడు. పద్యాన్ని కంప్యూటరుకిస్తే గురులఘువులు విడదీసి గణాలు చెప్పే సాధనం ఒకటి కావాలన్నాడు. వినడానికి సులువుగానే ఉంది. తీరా దిగితే, ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని పైథాన్‌కు ఇచ్చి పొడవెంతో చెప్పమంటే ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, ఇవి ఆరూ యూనికోడ్ వారి లెక్కలో ఆరు వేర్వేరు గుర్తులు మరి. కాబట్టి ముందు అక్షరాలు విడదీసే పని ఉంది. నిజం చెప్పాలంటే ఆ పని పైథాన్‌లోనే హాయిగా చెయ్యవచ్చు. వేగం కోసమని సీలో వ్రాశానని అందరికీ చెప్పాను గాని, అసలు కారణం మోజు. మూడో సంవత్సరం కుర్రాడికి వెనక గుమ్మం గుండా వెళ్ళడమంటే ఉండే మోజు ఎట్లాంటిదో మీకు చెప్పనక్కర్లేదు.

రెండు వారాలు కూర్చుని వ్రాశాను. నాలుగు పద్యాలిస్తే టకటకా చెప్పింది. రూమ్మేటు పొంగిపోయి ఒక శతకం మొత్తం పెట్టాడు. సెగ్మెంటేషన్ ఫాల్టు! అంటే ప్రోగ్రాం తనది కాని జాగాలో చెయ్యిపెట్టి చచ్చిపోయిందని అర్థం. మళ్ళీ నడిపితే బాగానే నడిచింది. మూడోసారి పని అంతా పూర్తిచేసి, జవాబులన్నీ ముద్రించి, ఇక ముగించే సమయంలో చచ్చిపోయింది. తప్పు ఎక్కడుందో అక్కడ చావదు, ఇంకెక్కడో చస్తుంది. ఆ రెండు రాత్రులు ల్యాబులో గడిపాను. తాళాలు వేసే అటెండరు గారికి నామీద జాలి కలిగి, "బాబూ, టీ అన్నా తాగు" అన్నారు. నాకిప్పటికీ గుర్తే.

మూడోరోజు ఎం.టెక్. సీనియరొకాయన వచ్చి పది నిమిషాలు చూసి, ఒక వరుస మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ జాబితాలోంచి మాట తీసుకున్నావు గదా. పనయ్యాక దాని లెక్క ఎందుకు తగ్గించావు?"

"తీసుకున్నది తిరిగివ్వాలి గదన్నా?"

"నీకు ఇచ్చారని ఎవరు చెప్పారు? చూసుకోమన్నారంతే. ఆ ఫంక్షన్ నీకు ఇచ్చేది సొంతానికి కాదురా, అరువుకి."

పక్కన మంచం మీద పడుకుని వింటున్న మా రూమ్మేటు లేచి కూర్చున్నాడు. "ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా!" అన్నాడు. (మేం అప్పటికి ల్యాబు వదిలి హాస్టలు గదికి చేరామని చెప్పడం మరిచాను.)

సంగతేమిటంటే, పైథాన్ లోపల ప్రతి వస్తువు మీదా ఒక అంకె ఉంటుంది. తనను ఎంతమంది పట్టుకున్నారన్న లెక్క అది. పట్టుకున్నవాడు ఒకటి కలపాలి, వదిలినవాడు ఒకటి తగ్గించాలి. సున్నా అయితే ఆ వస్తువును పారేసి, జాగాను ఇంకొకరికి ఇచ్చేస్తారు. లెక్క కలపడం మరిస్తే వాడుతుండగానే వస్తువు మాయమవుతుంది. తగ్గించడం మరిస్తే ఎవరికీ అక్కర్లేని సరుకు గోడౌనులో పేరుకుపోతుంది. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. చిక్కేమిటంటే, వస్తువును మన చేతికిచ్చే ఫంక్షన్లలో కొన్ని లెక్క కలిపి ఇస్తాయి, కొన్ని కలపకుండా ఇస్తాయి. మొదటి రకం సొంతం, రెండో రకం ఎరువు. ఇక మన చేతిలోని వస్తువును పుచ్చుకునే ఫంక్షన్లలో కొన్ని తమ లెక్క తాము కలుపుకుంటాయి. మరికొన్ని మన లెక్కనే తీసేసుకుంటాయి. ఈ చివరి రకాన్ని పైథాన్ వారే ‘దొంగిలించడం’ అంటారు. నేను కల్పించిన మాట కాదు, వారి మాన్యువల్లోని మాటే.

ఇందులో ఒక పద్ధతి ఉందా అంటే లేదు. జాబితాలోంచి ఒకటి తీసిచ్చే ‘పైలిస్ట్ గెట్‌ఐటెమ్’ ఎరువిస్తుంది. అదే పనిచేసే ‘పైసీక్వెన్స్ గెట్‌ఐటెమ్’ సొంతమిస్తుంది. జాబితాలో పెట్టే ‘పైలిస్ట్ సెట్‌ఐటెమ్’ దొంగిలిస్తుంది. జాబితా చివర చేర్చే ‘పైలిస్ట్ అపెండ్’ దొంగిలించదు. ఒకే ఇంటి పేరు, ఒకే జాబితా, ఒకరి బుద్ధి ఒకరికి లేదు. అన్నదమ్ములు కామోసు!

నా వాదమంతా ఇక్కడే ఉంది కాబట్టి మిత్రులు కొంచెం నిలిచి చదవాలి. ఆ రెండు ‘గెట్‌ఐటెమ్’ల ప్రకటనలు సీ భాషలో పక్కపక్కన పెట్టి చూడండి. పేరు తప్ప ఏ తేడా లేదు. రెండూ ఒక వస్తువునూ ఒక అంకెనూ పుచ్చుకుంటాయి, రెండూ ఒక వస్తువు చిరునామా ఇస్తాయి. కంపైలరుకు రెండూ ఒకటే. ఎరువో సొంతమో చెప్పే మాట ఆ ప్రకటనలో లేదు. ఉన్నదల్లా మాన్యువల్లో ఆ ఫంక్షన్ కింద వ్రాసిన ఒక్క వాక్యం. ఆ వాక్యం వ్రాసే పని ఎంత మొరటుగా సాగుతుందో చూడండి. పైథాన్ డాక్యుమెంటేషన్ తయారుచేసే సరంజామాలో ‘రెఫ్‌కౌంట్స్’ అని ఒక ఫైలుంది. ఏ ఫంక్షన్ లెక్క కలుపుతుంది, ఏది కలపదు అని మనుషులు చేత్తో వ్రాసిన పట్టీ అది. మాన్యువల్లో "సొంతం", "ఎరువు" అన్న ముద్ర పడేది ఆ పట్టీ చూసే. ఆ పట్టీలో తప్పుంటే ఏ కంపైలరూ కేక వెయ్యదు. ప్రపంచంలో ఎక్కడో నాలాంటివాడి ప్రోగ్రాం అర్ధరాత్రి చస్తుంది, అంతే.

అట్లాంటప్పుడు ఆ వాక్యం ప్రోగ్రాములో భాగమా, కాదా? ప్రోగ్రాం సరిగా నడవడానికి అవసరమైన సమాచారం ఇంకెక్కడా లేక ఆ వాక్యంలోనే ఉన్నప్పుడు దాన్ని ‘రాతపని’ అని తోసెయ్యడం ఏ న్యాయం?

ఇక రూమ్మేటు సంగతి. ఎరువు, సొంతం, దొంగ అని మూడు మాటలు దొరికాక వాడికి హుషారొచ్చింది. ఒకరోజు మెస్సులో అన్నం తింటూ, "ఒరేయ్, దొంగతనం చెయ్యబోయి దొరికిపోతే సొమ్ము ఎవరిదిరా?" అని అడిగాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. "కాదురా, ఆ ఫంక్షన్ పని జరక్క విఫలమైంది అనుకో. అప్పటికి దొంగిలించేసినట్టా, ఇంకా లేనట్టా?"

నాకు జవాబు తెలియలేదు. గదికి వచ్చి చూశాను. చూసిన కొద్దీ ఆశ్చర్యం. పైథాన్ మాడ్యూలుకు ఒక వస్తువును తగిలించే ‘పైమాడ్యూల్ యాడ్‌ఆబ్జెక్ట్’ అని ఒక ఫంక్షనుంది. వెనక గుమ్మంలోంచి వచ్చే ప్రతివాడూ మొదటిరోజే వాడేది. చాలాకాలం మాన్యువల్లో దాని కింద "ఇది దొంగిలిస్తుంది" అని మాత్రమే ఉండేది. నిజానికి అది గెలిస్తేనే దొంగిలిస్తుంది. ఓడిపోతే సొమ్ము మనదే, వదిలించుకోవలసిన బాధ్యతా మనదే. ఈ సగం మాట లేనందువల్ల మాన్యువల్లోనే ఇచ్చిన ఉదాహరణలు కూడా తప్పుగా ఉండిపోయాయి. వాటిని దిద్దింది 2019లో. పైథాన్ పుట్టిన ఇరవై ఎనిమిదేళ్ళకు! పిల్లలు చూసి వ్రాసుకునే మాదిరి లేఖలోనే తప్పుంటే ఇక పరీక్ష సంగతి చెప్పేదేముంది. తర్వాత 2021లో వచ్చిన 3.10లో, గెలిచినా ఓడినా దొంగిలించని కొత్త ఫంక్షన్ చేర్చి, దాన్నే వాడుకోమన్నారు. చూశారా? ఒక వాక్యం సరిగా వ్రాయాలని కూర్చుంటే ఫంక్షన్ తీరే బాగాలేదని తేలింది. చెప్పడానికి కష్టమైనది చెయ్యడానికీ కష్టంగానే ఉంటుందని ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళకు వాక్యం వ్రాసేటప్పుడు తెలిసివస్తుంది, ముందు కాదు.

ఇదే మెలిక పెర్ల్ భాషలోనూ ఉంది. 1987లో లారీ వాల్ సృష్టించిన భాష అది. ఆయన చదువుకున్నది భాషాశాస్త్రం అని చాలామందికి తెలియదు. పెర్ల్‌లో ఒక వరుసలో విలువను దాచే ‘ఏవీ స్టోర్’ అనే ఫంక్షన్ ఉంది. దాని కింద ఏముందో చూడండి: పిలిచేముందు లెక్క కలపవలసిన బాధ్యత పిలిచేవాడిది, ఫంక్షన్ శూన్యం తిరిగిస్తే ఆ లెక్క తగ్గించవలసిన బాధ్యతా పిలిచేవాడిదే అని స్పష్టంగా ఉంది. మెలిక అదే, మెలికపడ్డ చోట దీపం పెట్టారు. అక్కడి ఏర్పాటు కూడా నాకు నచ్చింది. ఫంక్షన్ ఉన్న సీ ఫైలులోనే, దాని నెత్తిమీదే, దాని వివరణ ఒక గుర్తుతో వ్రాస్తారు. ఆ గుర్తులు పట్టుకుని ఒక ప్రోగ్రాం ‘పెర్ల్ ఏపీఐ’ అనే మాన్యువల్‌ను తయారుచేస్తుంది. ఫంక్షన్‌ను మార్చేవాడి కంటికి వివరణ అడ్డం వస్తుంది, మార్చక తప్పదు. ‘పెర్ల్‌గట్స్’ అని ఇంకొక పత్రం ఉంది. తెలుగులో చెప్పుకుంటే ‘పెర్ల్ పేగులు’! దాన్ని 1997 మే దాకా జెఫ్ ఒకమోటో అనే ఒకే ఒక్క మనిషి కనిపెట్టుకుని ఉన్నాడు. ఆ సంగతి ఆ పత్రం చివరే వ్రాసి ఉంటుంది. రాతపని చేసినవాడి పేరు అట్లా మిగలడం నాకు సంతోషం కలిగించింది.

"ఇప్పుడీ బాధలన్నీ ఎందుకోయ్, కృత్రిమ మేధను అడిగితే క్షణంలో చెబుతుంది గదా" అంటారా? నేనూ అడిగాను. మాడ్యూలుకు తగిలించే ఆ ఫంక్షన్ గురించి అడిగితే, ఎంతో మర్యాదగా, ఏ సందేహమూ లేకుండా, దొంగిలిస్తుందని మాత్రం చెప్పింది. అదీ చదివింది ఆ పాత వాక్యాన్నే కాబోలు.

నాకు ఎదురైన అసలైన ఆక్షేపణ ఇంకొకటుంది. మా క్లాసులో బాగా తెలివైన కుర్రాడొకడు, "సోర్సు బయటే ఉంది గదరా, చదువుకోవచ్చుగా? సోర్సు అబద్ధం చెప్పదు, డాక్యుమెంటు చెబుతుంది" అన్నాడు. మాట పదునుగా ఉంది. చాలారోజులు నేనూ అదే నిజమనుకున్నాను. కాని సోర్సు చెప్పేది ఈ రోజు ఏం జరుగుతోందో మాత్రమే. రేపు కూడా అట్లాగే జరుగుతుందని మాట ఇచ్చారా లేదా అన్నది సోర్సు చదివితే తెలియదు. మా ఊరి బస్సు రోజూ చింతచెట్టు దగ్గర ఆగుతుంది. అది స్టాపనా, డ్రైవరు గారి స్నేహితుడు అక్కడ ఎక్కుతాడనా? నెలరోజులు చూసినా తెలియదు, టైమ్‌టేబులు చూడాలి.

2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 సంగతే తీసుకోండి. ‘ఏమీ లేదు’ అని చెప్పే ‘నన్’ వంటి కొన్ని వస్తువులను అమరులను చేసేశారు. ఇక వాటి మీద లెక్క కలిపినా తగ్గించినా అంకె మారదు. మాన్యువల్లో చెప్పినట్టు కలపవలసినచోట కలిపి, తగ్గించవలసినచోట తగ్గించినవాళ్ళకు ఏ నష్టమూ లేదు. వాళ్ళకు తెలియను కూడా తెలియదు. సోర్సు చదివి, ఆ అంకెలోకే తొంగిచూసి, దాని మీద ఏదో కట్టుకున్నవాళ్ళకు మాత్రం కట్టడం కదిలింది. ఆ తర్వాత 2024 అక్టోబరులో 3.13 వచ్చింది. అనేక పనులు నిజంగా ఒకేసారి జరిగేలా, ఇన్నేళ్ళుగా ఉన్న పెద్ద తాళాన్ని తీసేసిన ప్రత్యేక ప్రతి ఒకటి దానితో ప్రయోగంగా మొదలైంది. 2025లో 3.14తో అది ప్రయోగదశ దాటింది. అందులో ఆ అంకె ఒక్కటిగానే లేదు, రెండు ముక్కలైంది. అంతేకాదు, మన ఎరువు సొమ్ముకు నిజంగానే బరువు చేటు వచ్చింది. జాబితాలోంచి మీరు ఎరువు తెచ్చుకుని చూస్తూ ఉండగానే పక్కవాడు అదే జాబితాలోంచి దాన్ని తీసి పారెయ్యవచ్చు. అందుకే ఎరువుకు బదులు సొంతమిచ్చే ‘పైలిస్ట్ గెట్‌ఐటెమ్‌రెఫ్’ను ఆ 3.13లోనే చేర్చారు. ఎక్కడెక్కడ ఎరువు ఉందో ఆ పాత పట్టీలో వ్రాసి ఉండబట్టే గదా, ఎక్కడెక్కడ ప్రమాదమో వెతుక్కోగలిగేది!

ఇక రెండో ఆక్షేపణ నా పక్షానికే ఇబ్బంది కలిగించేది. దాచడం నాకిష్టం లేదు. లోపలి ఫంక్షన్‌ను డాక్యుమెంటు చేస్తే జనం దాన్ని వాడతారు. వాడాక దాన్ని మార్చడానికి వీలుండదు, మారిస్తే ఊరంతా గోల. కాబట్టి లోపలివాటిని వ్రాయకుండా ఉంచడమే మంచిదని అనుభవజ్ఞులే అంటారు. ఇందులో నిజముంది. వ్రాయడమంటే వాగ్దానం చెయ్యడమే. అయితే వ్రాయనంత మాత్రాన జనం వాడకుండా ఉంటున్నారా? పైథాన్‌లో ముందు కిందిగీతతో మొదలయ్యే పేర్లు లోపలివని, ముట్టుకోవద్దని మాన్యువల్లోనే ఉంది. అయినా అవసరం మనిషిని అక్కడికే తీసుకుపోతుంది. కనుక ‘ఇది ముట్టుకోకు’ అన్నది కూడా వ్రాయవలసిన మాటే. పెర్ల్ వారు అదే చేశారు. వాడుకోదగ్గవి ‘పెర్ల్ ఏపీఐ’లో, వాడకూడని లోపలివి ‘పెర్ల్ ఇంటర్న్’లో వేరువేరుగా ఉంచారు. అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది, వాడుకోవచ్చునని గుర్తుపెట్టి కూడా ఇంకా ఎవరూ వివరణ వ్రాయని వాటి జాబితాను సైతం అదే మాన్యువల్లో వరుసగా అచ్చువెయ్యడం. మా ఇంట్లో ఈ గదులు ఇంకా సున్నం వెయ్యలేదని వచ్చిన అతిథికి చెప్పినట్టు. ఆ జాబితాను చూసే నా ప్రతిపాదన పుట్టింది. పని దొరకడంలేదని కూర్చున్న ఫైనలియర్ విద్యార్థులకు అంతకన్నా ముచ్చటైన జాబితా ఎక్కడ దొరుకుతుంది?

పొట్టిగా, గట్టిగా వ్రాయడం ఎట్లాగో చూడాలంటే లువా మాన్యువల్ చూడాలి. 1993లో బ్రెజిల్‌లో, రియో నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టిన భాష అది. అవును, మనలాంటి విశ్వవిద్యాలయంలోనే! 2006లో వచ్చిన 5.1 నుంచీ ప్రతి సీ ఫంక్షన్ పక్కనా మూడు చిన్న గుర్తులుంటాయి. దొంతరలోంచి ఎన్ని తీస్తుంది, ఎన్ని పెడుతుంది, పొరపాటున పడిపోతుందా లేదా అని. మూడు గుర్తులతో ఒక పేరా పని అయిపోతుంది. అటువంటి గుర్తు కనిపెట్టడం కూడా ఇంజనీరింగే గాని మరొకటి కాదని నా అభిప్రాయం.

రూబీ సంగతి ఇంకోరకం. 1995లో జపానులో మాట్సుమోటో విడుదల చేసిన భాష. దానికి సీలో అనుబంధాలు వ్రాయడం ఎట్లాగో చెప్పే పత్రం సోర్సుతోపాటే ఇంగ్లీషులో ఒకటి, జపనీసులో ఒకటి వస్తూవచ్చింది. మనవాళ్ళెవరికన్నా ఇట్లాంటిది తెలుగులో వ్రాద్దామంటే నవ్వుతారు. "ఇంగ్లీషు రానివాడు సీ ఎట్లా రాస్తాడ్రా?" అంటారు. జపాను విద్యార్థి వ్రాయలేదా? ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, ప్రోగ్రాం నడిచినా ఎందుకు నడిచిందో అడగలేక ఊరుకునే మిత్రులు మన కాలేజీలో కొద్దిమంది కాదు. నేనూ ఆ బెంచీవాడినే. ‘బారోడ్ రిఫరెన్స్’ అన్న మాటను నేను రెండుసార్లు చదివి దాటేశాను. ‘ఎరువు’ అని వినగానే పట్టుబడింది. తప్పు మాన్యువల్‌ది కాదు, నాదీ కాదు. అంతే.

మళ్ళీ కమిటీ దగ్గరికి వస్తాను. వాళ్ళ ఇబ్బంది నాకు తెలియక కాదు. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ముందు తెర మీద ఏదో ఒకటి కదలాలి. వాక్యాలు కదలవు. మార్కులు వెయ్యడానికి కొలబద్ద ఏమిటని అడిగారు, న్యాయమైన ప్రశ్నే. నా కాయితం మూడో పేజీలో జవాబుంది, అక్కడిదాకా వెళ్ళలేదు గాని. వివరణ లేని ఇరవై ఫంక్షన్లు తీసుకోవడం. ఒక్కొక్కదానికి ఇచ్చేది ఎరువా సొంతమా, పుచ్చుకునేది దొంగిలిస్తుందా లేదా, ఓడిపోతే ఏం తిరిగిస్తుంది, సొమ్ము ఎవరిది అని వ్రాయడం. వ్రాసిన ప్రతి వాక్యానికీ దాన్ని నిరూపించే చిన్న సీ పరీక్ష ఒకటి జతచెయ్యడం. వాక్యం తప్పయితే ఆ పరీక్ష పడిపోవాలి. ఆపైన వాటిని ఆ భాషను పోషించేవారికి పంపడం. వారు దిద్దుతారు, తిప్పికొడతారు, వాదిస్తారు. ఆ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ బహిరంగంగా ఉంటాయి. ఎగ్జామినరు గారు చదువుకోవచ్చు. ఏడాదికేడాది అవే లైబ్రరీ మేనేజ్‌మెంటు సిస్టములూ, అవే హాజరు పట్టీలూ పేరు మార్చి బైండు చేయించి ఇస్తున్న మనకు, ఇంత కఠినంగా పరిశీలించే పరీక్షాధికారులు ఇంకెక్కడ దొరుకుతారు? ప్రపంచంలో ఒక్కరన్నా తెరవని బైండు పుస్తకం కన్నా, పదిమంది చదివే పది వాక్యాలు తక్కువవి ఎట్లా అవుతాయో నాకు బోధపడలేదు.

ప్రతిపాదన తిరగ్గొట్టారు గనుక ప్రస్తుతం నేను చేస్తున్న ప్రాజెక్టు వేరు. అది తెర మీద బాగా కదులుతుంది. దాన్ని గురించి వ్రాయడానికేమీ లేదు.

కాని నేనూ, రూమ్మేటూ, ఆ ఎం.టెక్. అన్నా కలిసి ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు. ఎడమపేజీలో ఫంక్షన్ పేరు, కుడిపేజీలో తెలుగులో నాలుగు వరుసలు: ఎరువా, సొంతమా, దొంగా, ఓడితే ఎవరిది. వాక్యాలు రూమ్మేటువి, పరీక్షలు నావి. వాడికి సీ రాదు. అందువల్లనే నేను దాటేసిన ప్రతిచోటా "అంటే?" అని ఆపుతాడు. ఇప్పటికి అరవైమూడు ఫంక్షన్లయినాయి. పరీక్ష నడిపి చూసినవి పెన్నుతో, చూడనివి పెన్సిలుతో వ్రాశాం. మూడో సంవత్సరం తమ్ముళ్ళు ముగ్గురు వచ్చి ఎక్కించుకుపోతున్నారు. కిందటి నెల వాళ్ళలో ఒకడు పెన్సిలుతో ఉన్న ఒక వరుస తప్పని నిరూపించి, రబ్బరుతో చెరిపి, పెన్నుతో వ్రాసిపెట్టాడు.

విద్యార్థి సంఘం వారిని నేను కోరేది ఒక్కటే. వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి మన ప్రతినిధులు వెళ్ళేటప్పుడు, డాక్యుమెంటేషన్ కూడా ప్రాజెక్టుగా స్వీకరించే విషయాన్ని అజెండాలో చేర్పించండి. నా నాలుగు పేజీల కాయితం ప్రతులు సంఘం ఆఫీసులో ఇచ్చాను. నేను ఈ ఏప్రిల్‌తో వెళ్ళిపోతాను, నాకు ఆ మార్కులు రావు. నోటుబుక్కు మాత్రం ల్యాబులో కిటికీ పక్క బీరువాలో, పై అరలో ఉంది. తాళం అటెండరు గారి దగ్గర అడగండి. పెన్సిలు దారంతో కట్టి పెట్టాం, పట్టుకుపోవద్దు.